టేపు పెట్టె కనబడని ఉదయాలు

దేవరాజులుకు మనుషుల మీద నమ్మకం లేదని కాదు. నూలు తూకం వేసి ఇచ్చి, బట్ట తూకం వేసి తీసుకునే వ్యాపారంలో జుట్టు నెరిసినవాడు. ఇచ్చినదానికీ వచ్చినదానికీ మధ్య తరుగు ఎంత ఉండాలో ఆయనకు తెలుసు. అంతకు మించి తగ్గితే మధ్యలో ఎవరిదో చెయ్యి ఉన్నట్టే. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని ఆయన గొప్ప. కాబట్టి ఆ మంగళవారం పొద్దున ఆఫీసులో పని చేసే చిత్ర కంప్యూటరు ముందు కూర్చుని, "ఈ పొద్దు గూడా టేపు కనపళ్ళేదు నాయనా" అన్నప్పుడు, ఆయన తెర వైపు చూడలేదు. చిత్ర చేతుల వైపు చూశాడు.

చేతులు ఊరికే ఉన్నాయి. ఒకటి మౌసు మీద, ఇంకొకటి ఒళ్ళో.

"నిన్న సాయంత్రం ఉన్నింది గదా?" అన్నాడు.

"ఉన్నింది. ఇంజినీరు వచ్చి పోయినాక కాపీ గూడా అయింది. మీ చేతికే గదా క్యాసెట్టు ఇచ్చినా."

"సాయంత్రం ఉన్నిది పొద్దునకు ఎట్ల పోతాది?"

చిత్ర భుజాలెగరేసింది. ఆ భుజాలెగరేయడం ఆయనకు నచ్చలేదు. తప్పు లేనివాళ్ళు భయపడాలి గానీ భుజాలెగరేస్తారా?

గుడియాత్తం బజారు వీధిలో, దేవరాజులు మేనేజరుగా ఉన్న లుంగీ కంపెనీ ఆఫీసు. ముందు గదిలో నూలు బేళ్ళు, గంజి వాసన, తక్కెడ. వెనక చల్లటి అద్దాల గది. ఆ గదిలో మోకాలెత్తు తెల్లపెట్టె ఒకటి, అదే సర్వరు. ఏ నేతగాడి ఇంట్లో ఏ రంగు పడుగు ఎక్కి ఉందో, ఎవరు ఎంత నూలు పట్టుకుపోయారో, సింగపూరు వర్తకుడికి ఏ గళ్ళ బట్ట పంపాలో అంతా దాని కడుపులోనే. పోయిన వానాకాలం దాని డిస్కు చచ్చిపోయింది. దాంతోపాటు సంవత్సరం పని గంగలో కలిసింది. చిత్రే కూర్చుని, వేళ్ళు వాచేదాకా, మొత్తం మళ్ళీ కొట్టింది. అప్పుడు యజమాని పూర్ణచంద్ర వేలూరు నుంచి టేపు పెట్టె కొని పంపాడు. సర్వరు పక్కన అది తన సొంత స్విచ్చుతో, సొంత పచ్చదీపంతో కూర్చుంది. రెండింటికీ మధ్య వేలెడు లావు కేబులు. రోజూ సాయంత్రం సర్వరులో ఉన్నదంతా చిన్న క్యాసెట్టు మీదికి ఎక్కుతుంది, ఆ క్యాసెట్టు వేలూరు పోతుంది. అసలు ఒక కప్పు కింద, నకలు ఇంకో కప్పు కింద.

మొదట్లో బాగానే నడిచింది. రాత్రీ పగలూ అన్నీ వేసే ఉంచేవాళ్ళు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మీద పిడుగు పడ్డాక, రాత్రిపూట అన్నీ ఆపాల్సిందేనని దేవరాజులు పట్టుబట్టాడు. సాయంత్రం ఆపేది చిత్ర. పొద్దున తాళం తీసి వేసేది ఆయన. ముందు యూపీఎస్సు, తర్వాత సర్వరు. అది గుర్రుమని ఊపిరి అందుకున్నాక మిగిలినవి నిదానంగా ఒక్కొక్కటి. పవర్‌లూము షెడ్డులో నేర్చుకున్న పద్ధతి అది. అన్నీ ఒకేసారి లాగితే ఫ్యూజు ఎగిరిపోతుంది. గుడియాత్తం కరెంటు అంత గొప్పది మరి.

ఇప్పుడు ఆ పెట్టె పక్కనే ఉంటుంది, దీపం వెలుగుతుంటుంది, కేబులు బిగించే ఉంటుంది, సర్వరు మాత్రం దాన్ని ఎరగనంటుంది. టేపు పరికరాల కిటికీ తెరిచి 'డిటెక్ట్' అన్న మీట నొక్కితే ఇసుక గడియారం కాసేపు కనిపించి, ఏదీ దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది.

"ఒకసారి సర్వరు ఆపి మళ్ళా వేసి చూద్దామా నాయనా?" అంది చిత్ర.

"ఆపితే ఏం కనపడకుండా పోవాల నీకు?"

"కనపడకుండా పోయేదానికి కాదు, కనపడేదానికే."

"ఇంజినీరు వచ్చేవరకు ఎవురూ ఏమీ ముట్టుకోకూడదు."

ఆమె మౌసు మీది చెయ్యి కూడా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వేలూరుకు ఫోను చేస్తే పూర్ణచంద్ర మొదట విసుక్కున్నాడు, తర్వాత గొంతు తగ్గించాడు. "మామా, నిదానంగా యోచన చేయండి. కాపీ ఉంటే ఎవురికి కష్టం? లోపల ఉండేది మార్చాలనుకునేవాళ్ళకే గదా? పాతది ఇంకోచోట భద్రంగా ఉంటే మార్చేదానికి కుదరదు గదా?"

"అప్పా, ఆ పిల్ల అట్లాంటిది కాదనుకుంటా."

"నేను ఎవురి పేరూ చెప్పలేదే. మీరే చెప్తా ఉండారు." ఆగి మళ్ళీ అన్నాడు. "మీకు ఈ మిషన్లతో ఒత్తురాకపోతే, చేతగాకపోతే చెప్పండి మామా, అన్నీ ఈడికే తెప్పించేస్తా. మీరు కూడా ఇంట్లో విశ్రాంతిగా ఉండొచ్చు."

విశ్రాంతి అనే మాట దేవరాజులు గుండెలో ముల్లులా దిగింది. పూర్ణచంద్ర తండ్రి కాలం నుంచి ఆ తక్కెడ దగ్గర నిలబడ్డ మనిషి. ఫోను పెట్టేసి అద్దంలోంచి చిత్రను చూశాడు. ఆమె సొరుగు తెరిచి, ఏదో చూసి, మూసింది. ఎందుకు మూసినట్టు?

వెంకటేశన్ మధ్యాహ్నం బస్సుకు దిగాడు. వేలూరులో కంప్యూటర్లు అమ్మే కంపెనీ తరఫు ఇంజినీరు. మెడకు టై, నడుముకు పేజరు, విరించిపురం దగ్గర బస్సు పంక్చరై ఎండలో నిలబడి వచ్చిన మొహం. ఈ పెట్టె కోసమే ఇంతకుముందు కూడా వచ్చి పోయాడు గనక, గుమ్మంలోనే "మళ్ళీనా సార్?" అన్నాడు.

సర్వరు ఆపాడు. మోకాళ్ళ మీద కూర్చుని కేబులు ఊడదీసి, లోపలి సూదుల మీద ఊదాడు. టేపు పెట్టె వెనక ఉన్న అంకెల చక్రం సరిగ్గా ఉందా అని టార్చి వేసి చూశాడు. కేబులు చివర బిగించే టోపీలాంటి ముక్కను తీసి మళ్ళీ బిగించాడు. తర్వాత సర్వరు స్విచ్చు నొక్కి, నుదురు తుడుచుకుంటూ లేచాడు. టేపు పెట్టె దీపం అంతసేపూ వెలుగుతూనే ఉంది.

సర్వరు నిద్ర లేచింది. వెంకటేశన్ డిటెక్ట్ నొక్కాడు. పెట్టె పేరు ఠక్కున తెర మీదికి వచ్చింది.

చిత్ర "అమ్మయ్య" అంది.

"ఏం చేసినావప్పా?" అన్నాడు దేవరాజులు.

"కేబులు తీసి పెట్టినా సార్."

"అది ఊడిపోయి ఉన్నిందా?"

వెంకటేశన్ కాస్త ఆలోచించాడు. ఊడలేదు. మరలు గట్టిగానే ఉన్నాయి. కానీ ఇన్నిసార్లు వచ్చి ఏమీ తెలియలేదని చెబితే, పెట్టెలోనే లోపం ఉందని వెనక్కి పంపుతారు. కంపెనీలో తన మెడకు చుట్టుకుంటుంది. "పెట్టె బాగుండాది, కేబులు బాగుండాది. మనిషి చెయ్యి తగలకుండా ఇట్లా కాదు సార్" అన్నాడు.

అతను ఆ మాట తనను తాను కాపాడుకోవడానికి అన్నాడు. దేవరాజులు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన కుర్చీ లాక్కుని అద్దాల గదిలోనే కూర్చున్నాడు. చిత్ర ఏం చేస్తే అది చూశాడు. ఆమె క్యాసెట్టును చున్నీ అంచుతో తుడిచి పెట్టెలోకి తోసింది. బ్యాకప్ నడుస్తున్నంతసేపు గోళ్ళు చూసుకుంది. అయ్యాక క్యాసెట్టు తీసి ఆయనకిచ్చింది. ఎడమవైపు మూల నొక్కి, షట్‌డౌన్ అన్న మాట నొక్కి, ఇప్పుడు ఆపవచ్చని తెర చెప్పేదాకా ఆగి, సర్వరు స్విచ్చు ఆపి, టేపు పెట్టె స్విచ్చు ఆపి, యూపీఎస్సు ఆపింది. ఎక్కడ ఏ వేలు పెట్టిందో దేవరాజులు కళ్ళతో తాగాడు. బళ్ళో చదివేటప్పుడు కూడా ఆయన ఏ పాఠాన్నీ అంత శ్రద్ధగా చూసి ఎరగడు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆ సంచి ఒకసారి చూపీమ్మా."

"దేనికి నాయనా?"

"ఊరికే."

ముందు గదిలో నూలు తూచుతున్న పెరియస్వామి తక్కెడ పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచి ఇటు చూశాడు. ఆమె సంచి తీసి బల్ల మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, గొడుగు, దువ్వెన, వీధిలో పిల్లలు అడిగితే ఇవ్వడానికి కొన్నట్టున్న బఠానీ పొట్లం. బఠానీలు బల్ల మీద దొర్లాయి. ఇంకేమీ లేదు. ఏమీ దొరకనందుకు దేవరాజులుకు సంతోషం కలగలేదు. దొరక్కుండా చేసే తెలివి కూడా ఉందన్నమాట అనుకున్నాడు.

ఆమె ఒక్కొక్క గింజా ఏరి పొట్లంలో వేసుకుని పోయింది. పెరియస్వామి తల దించుకుని తక్కెడ చూసుకున్నాడు.

అందరూ పోయాక దేవరాజులు ఎర్రనూలు పోగు తెచ్చి, కేబులు సర్వరుకు తగిలే చోటా, టేపు పెట్టెకు తగిలే చోటా చుట్టి ముడి వేశాడు. తెగిన పడుగు పోగును నేతగాళ్ళు అతికే ముడి అది, చూస్తే ముడి ఉందో లేదో తెలియనంత సన్నం. కేబులు ఎవరు కదిపినా పోగు తెగక తప్పదు. తెగితే తెలియక తప్పదు. తాళం వేసి రెండుసార్లు లాగి చూసి ఇంటికి పోయాడు. దొంగను పట్టే ముందు పోలీసులకు ఉండే సంతోషం ఆయనలోనూ ఉంది, దాచుకోవడమెందుకు.

బుధవారం పొద్దున తాళం తీసి, స్విచ్చులు వేసి, మోకాళ్ళ మీద వంగి చూశాడు. ఎర్రపోగు రెండు చోట్లా వేసినది వేసినట్టే ఉంది. ముడి ముడే.

చిత్ర వచ్చి డిటెక్ట్ నొక్కింది. ఏదీ దొరకలేదు.

ఇంకొకరైతే అక్కడ ఆగి, పాపం ఈ పిల్ల కాదేమో అనుకునేవారు. అనుమానం పట్టిన మనిషికి అట్లాంటి వెసులుబాటు ఉండదు. ఈ ఊళ్ళో ఆ ముడి రానివాళ్ళెవరు? చిత్ర తల్లి కుప్పమ్మ పడుగు పోగులు అతికే పనికి పోయేదే గదా? ఎట్లాగో లోపలికి దూరి, తెంచి మళ్ళీ వేసి ఉంటుంది. తను వేసిన ముడినే తిరిగి వేసిందంటే ఎంత గట్టిపిండం! ముడి చెక్కు చెదరకపోవడమే ఆయనకు పెద్ద సాక్ష్యంగా కనిపించింది.

"ఈ దారం ఏంది నాయనా?" అంది చిత్ర వంగి చూసి.

"నీకు తెలీదా?"

"నాకెట్ల తెలుస్తాది?"

"చిత్రా, నిన్ను నేను ఏమీ అనను. మీ నాయన చెంగల్రాయలు ఈ గది కట్టినోడు, మంచోడు. నువ్వు కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు. ఇది ఒక కొలిక్కి వచ్చినాక చెప్పి పంపుతా."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నేను ఏం చేసినానని?"

"చేసినావని నేను చెప్పలేదే."

"చెప్పకుండానే పంపిస్తా ఉండారే. మా వీధిలో ఏమని చెప్పేది? కంప్యూటరు నేర్చుకోని కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి పోయింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. నిన్న పెరియస్వామి అన్న ముందర సంచి దులిపించినారు. ఈ పొద్దు పొమ్మంటా ఉండారు. రెండూ కలిపి ఊరు ఏమంటాది? దొంగతనం చేసిందనే గదా?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజమని దేవరాజులుకు తెలుసు. మట్టిపని, గోడపని చేసుకునే ఇంటి పిల్ల. గుడియాత్తంలో ఆ మాట ఒకసారి అంటుకుంటే వేలూరులో కూడా ఇంకెవరూ పనిలోకి తీసుకోరు. తెలిసే, "పాస్‌వర్డు చెప్పిపో" అన్నాడు.

ఆమె ఒక్కొక్క అక్షరం చెప్పింది, ఆయన మీటల మీద వెతుక్కుని నొక్కి చూసి నేర్చుకున్నాడు. ఎడమ, కుడి అని వేలు చూపించి ఓపిగ్గా చెప్పింది కూడా. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వస్తా సార్" అంది. అంతవరకు ఆమె ఎప్పుడూ ఆయన్ని సార్ అనలేదు.

పూర్ణచంద్రకు ఫోనులో చెబితే, "సరి సరి, మంచిపని చేసినారు మామా" అన్నాడు. విశ్రాంతి మాట ఎత్తలేదు.

గురువారం పొద్దున దేవరాజులు తాళం తీసేటప్పటికి మనసు తేలిగ్గా ఉంది. చిత్ర లేదు. రాత్రి తాళంచెవి ఆయన తలగడ కిందే ఉంది. యూపీఎస్సు వేశాడు, సర్వరు వేశాడు, దాని ఊపిరి కుదిరేదాకా నిలబడి, టేపు పెట్టె వేశాడు. పచ్చదీపం వెలిగింది. పాస్‌వర్డు ఒక్కో వేలితో పొడిచాడు. ఆమె ఎక్కడ నొక్కేదో అక్కడ నొక్కి ఆ కిటికీ తెరిచాడు. డిటెక్ట్.

ఏదీ దొరకలేదు.

మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. ఎర్రపోగు అట్లాగే ఉంది. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. మంచిది, అనుకున్నాడు. పోయేముందే లోపల ఏదో చేసి పోయింది. ఎడమ, కుడి అని అంత ఓపిగ్గా నేర్పింది అందుకే. లేదంటే ఆ వెంకటేశన్. వాడు వచ్చినప్పుడల్లా బాగవుతుంది, వాడు పోతే పాడవుతుంది. మందిచ్చేవాడే రోగం తెస్తున్నాడేమో! వాడు 'మనిషి చెయ్యి' అన్నప్పుడు తన కళ్ళలోకి చూడలేదు గదా. ఇద్దరూ కలిసి ఉంటే? అన్నం తినేటప్పుడు కూడా ఇదే. పెరియస్వామి మజ్జిగ తెచ్చిస్తే, ఈ మధ్య వీడు కూడా గదిలోకి తొంగి చూస్తున్నాడే అనుకున్నాడు. ఆ పూటకు ఆ ఊళ్ళో ఆయన అనుమానించని మనిషి ఒక్కడే మిగిలాడు, ఆ ఒక్కడూ తనే.

శుక్రవారం కూడా పొద్దున అదే తంతు. అన్నీ వేసి, డిటెక్ట్ నొక్కి, ఏదీ దొరకలేదని చెప్పించుకుని, వేలూరుకు ఫోను చేయబోతుండగా కరెంటు పోయింది. యూపీఎస్సు కీచుమని అరిచి, దాని బ్యాటరీ ముసలిది కాబట్టి, కాసేపటికే నోరు మూసుకుంది. సర్వరు, టేపు పెట్టె రెండూ ఒక్కసారిగా చచ్చాయి. దేవరాజులు చీకట్లో నిలబడి తిట్టాల్సినవాళ్ళందరినీ తిట్టాడు. ఏ స్విచ్చూ ఆపాలని తోచలేదు. ఆయన ఇంకా తిడుతుండగానే కరెంటు వచ్చింది. అన్నీ ఒకేసారి లేచాయి. టేపు పెట్టె చిన్నది గనక ముందే గిర్రుమని దీపం వెలిగించుకుంది. సర్వరు ముక్కుతూ మూలుగుతూ తనను తాను తనిఖీ చేసుకుని చాలాసేపటికి తెర చూపించింది.

అలవాటుగా, ఆశ లేకుండా, డిటెక్ట్ నొక్కాడు.

టేపు పెట్టె పేరు తెర మీద ఉంది.

దేవరాజులు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని. ఎవరూ లేరు. ఎర్రపోగు తెగలేదు. కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. ఎవరూ కేబులు తీయలేదు, ఊదలేదు, టోపీ బిగించలేదు. కరెంటు పోయి వచ్చింది, అంతే.

ఇట్లాంటప్పుడు మగ్గాల మనిషి చేసేది ఒకటే, మళ్ళీ నడిపి చూడటం. చిత్ర ఎట్లా ఆపేదో ఆయన కళ్ళకు కట్టినట్టుంది. ఎడమవైపు మూల, షట్‌డౌన్, తెర చెప్పేదాకా ఆగడం. అన్నీ ఆపాడు. రోజూ పొద్దున వేసినట్టే వేశాడు. పెద్దది ముందు, అది ఊపిరి అందుకున్నాక చిన్నది. డిటెక్ట్ నొక్కితే లేదు. మళ్ళీ అన్నీ ఆపాడు. ఈసారి చెయ్యి మొరాయిస్తున్నా, చిన్నదాన్ని ముందు వేశాడు. దీపం నిలకడగా వెలిగాక సర్వరు వేశాడు. ఉంది.

తేల్చుకోవాలని ఇంకోసారి కూడా చేశాడు. సర్వరు కళ్ళు తెరిచేటప్పుడు ఎదుట ఎవరున్నారో వాళ్ళనే గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత వచ్చిన చుట్టాన్ని పలకరించదు. దాని సంగతి అంతే. మనిషి చెయ్యి తగలకుండా ఇట్లా కాదని వెంకటేశన్ అన్నది నిజమే. ఆ చెయ్యి తనది. ఆపి వేసి చూద్దామని చిత్ర అడిగినప్పుడు ఊ అని ఉంటే మంగళవారం పొద్దునే తేలిపోయేది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. చల్లటి ఆ గదిలో చొక్కా వీపుకు అంటుకుంది.

ఫోను మోగింది. పూర్ణచంద్ర. "ఎన్న మామా, ఏమైంది ఈ పొద్దు?"

"కనపడతా ఉండాది."

"అప్పడియా! ఎవురు వచ్చి బాగు చేసినారు?"

"ఎవురూ రాలేదు."

అవతల పూర్ణచంద్ర నవ్వాడు. "చూసినారా? ఆ పిల్లను పంపినాము, మిషను దానంతట అదే బాగయింది. ఇంకేం సాక్ష్యం కావాల? మీ కన్ను మాత్రం రొంబ గట్టిది మామా. కొత్త పిల్లను చూస్తా నేను. ఈ పిల్ల గురించి వేలూరులో మనవాళ్ళకు గూడా ఒక మాట వేసి పెడతా, ఇంకెవురూ మోసపోకూడదు గదా."

దేవరాజులు నోరు తెరిచాడు. చెప్పాలనే తెరిచాడు. 'విశ్రాంతి' అన్న మాట గొంతుకు అడ్డం పడింది. "సరి అప్పా" అని పెట్టేశాడు.

రేపటి నుంచి చిన్నదాన్ని ముందు వేస్తే చాలు. టేపు రోజూ కనిపిస్తుంది. అది కనిపించిన ప్రతి పొద్దూ చిత్ర దొంగ అని మళ్ళీ మళ్ళీ రుజువవుతూ ఉంటుంది. తను చేయాల్సిందల్లా నోరు మూసుకుని స్విచ్చు వేయడం. అంత సుఖమైన పాపం ఇంకొకటి ఉంటుందా? దేవరాజులు మధ్యాహ్నం దాకా అద్దాల గదిలోంచి బయటికి రాలేదు. పెరియస్వామి అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. తర్వాత చొక్కా సర్దుకుని, చెప్పులు వేసుకుని, ఎండలో చిత్ర వాళ్ళ ఇల్లున్న నెల్లూరుపేట వైపు నడిచాడు.

చెంగల్రాయలు పని లేని పొద్దు గనక సొంత ఇంటి గోడ పూసుకుంటున్నాడు. దేవరాజులు వచ్చి నిలబడితే చూశాడు గానీ తాపీ ఆపలేదు. సిమెంటు తీసి గోడకు కొట్టి, సాపు చేసి, మళ్ళీ తీశాడు. ఎప్పుడైనా అయితే "రండి నాయనా" అని తుండుగుడ్డతో అరుగు దులిపేవాడు.

"చిత్ర ఉండాదా?"

"ఉండాది. యాడికి పోతాది?" గోడతోనే చెప్పాడు.

చిత్ర వాకిట్లోకి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చోకుండానే చెప్పాడు. పవర్‌లూము షెడ్డు అలవాటు, పెద్దది ముందు, చిన్నది వెనక, కరెంటు పోవడం, మళ్ళీ మళ్ళీ వేసి చూడటం. ఎదురుగా ఆమె మొహం ఉంది గనక తడబడ్డాడు, మధ్యలో నీళ్ళు నమిలాడు. చివరికి, "తప్పు నాదేనమ్మా. రేపటి నుంచి రా" అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనైనా అనుకున్నాడు. చిత్ర ఆయన మొహాన్ని ఓపిగ్గా చూసింది. ఆయన మంగళవారం ఆమె చేతుల్ని చూసిన చూపే అది.

"వేలూరు సార్‌కు చెప్పినారా?"

దేవరాజులు చెంగల్రాయలు తాపీ వైపు చూశాడు. "చెప్తాను."

"చెప్పలేదు."

"పొద్దున ఫోను చేసినాడు. అప్పుడు..."

"అప్పుడు చెప్పలేదు. నేను రేపు వచ్చి కూర్చుంటే, పోనీలే పాపమని మీరే మళ్ళీ పిలిచినారనుకుంటాడు. దొంగపిల్లను క్షమించినారని. నాకు క్షమాపణ వద్దు సార్."

"ఇప్పుడే ఆఫీసుకు పోయి చేస్తా."

"ఆఫీసులో మీరు ఏం చెప్తారో నాకెట్ల తెలుస్తాది? ఆ మూల ఎస్టీడీ బూత్ ఉండాది. రండి."

"ఆడ అందరూ వింటా ఉంటారు గదమ్మా."

"విననీండి. నన్ను పంపింది గూడా అందరికీ తెలిసే ఉండాది."

చెంగల్రాయలు అప్పుడు తాపీ ఆపాడు. నీళ్ళ బకెట్టులో చేతులు కడుక్కుని, వాళ్ళ వెనకే నడిచాడు.

బూత్ నడిపే లక్ష్మీదేవి కౌంటరు వెనక బీడీలు కట్టలు కడుతోంది. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్నారు. గాజు తలుపు ఎప్పుడో ఊడిపోయింది, మళ్ళీ పెట్టించలేదు. చిత్ర నంబరు తనే తిప్పి, మోగుతున్న రిసీవరు ఆయన చేతిలో పెట్టి, అడుగు దూరంలో నిలబడింది.

"అప్పా పూర్ణా, నేనే, దేవరాజులు... ఆఫీసులో కాదు, బయట ఉండా. టేపు సంగతి... లేదు లేదు, కనపడతానే ఉండాది. అది కాదు. వినప్పా. ఆ పిల్ల ఏమీ చేయలేదు. నేనే."

బెంచీ మీది మాటలు ఆగిపోయాయి.

"నేనే అంటే నేనే. పొద్దున స్విచ్చు వేసేది నేను గదా? సర్వరు ముందు వేసి, టేపు పెట్టె తర్వాత వేస్తా ఉండా. అట్ల వేస్తే దానికి కనపడదు. తిప్పి వేస్తే కనపడతాది... అవును, అన్ని పొద్దులూ నేనే. ఇంజినీరు వచ్చినప్పుడు పెట్టె వేసే ఉన్నింది, అందుకని బాగయింది. పొద్దున నువ్వు ఫోను చేసినప్పుడే నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు. వేలూరులో ఎవురికైనా చెప్పుంటే, కాదని మళ్ళీ చెప్పు. మామ ముసలోడై తప్పు చేసినాడని చెప్పు. నన్ను ఇంటికాడ ఉండమంటే ఉంటా."

అవతల పూర్ణచంద్ర ఏదో అన్నాడు. దేవరాజులు విని, తల ఊపి, రిసీవరు చిత్రకు అందించాడు. "నీతో మాట్లాడాలంట."

మోసుకొచ్చిన బరువు దించినట్టు ఆయనకు తేలికైంది. పైట నిండుగా కప్పుకుని లక్ష్మీదేవి తనను తేరిపార చూస్తున్నా, బెంచీ మీదివాళ్ళు చెవులు కొరుక్కుంటున్నా పట్టలేదు. చెప్పేశాడు. పిల్ల పేరు నిలబడింది. ఇక రేపటి నుంచి ఎప్పటిలాగే ఆమె లోపల, తను ముందు గదిలో, మధ్యలో అద్దం.

"నమస్తే సార్" అంది చిత్ర ఫోనులో. "పరవాలేదు సార్... వస్తాను. రేపే వస్తా. వేలూరులో మీరు చెప్పుండే వాళ్ళందరికీ మళ్ళీ చెప్పండి సార్, మరిచిపోవద్దు... ఇంకొకటి అడగాల సార్. ఆ అద్దాల గదిలో నేను ఇకమీద ఒంటిగా కూర్చోను. పొద్దున తెరిచేటప్పుడూ సాయంత్రం మూసేటప్పుడూ నా పక్కన ఇంకొక మనిషి ఉండాల. నేను ఏం ముట్టుకున్నానో, ఏం ముట్టుకోలేదో చూసి చెప్పేదానికి. అట్లయితేనే వస్తా."

ఆ మాటకు దేవరాజులు మనసు కరిగిపోయింది. ఇంత భయం పెట్టానా ఈ పిల్లకు అనుకున్నాడు. ఒక అడుగు ముందుకు వేసి, "నేనుంటాను లేమ్మా నీ పక్కన" అన్నాడు.

చిత్ర రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి ఆయన వైపు తిరిగింది. గొంతులో కోపమేమీ లేదు.

"మీరు కాదు సార్. ఇంకెవురన్నా" అంది. మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడసాగింది.